విత్తనం మారితే పురుగు మారదా?

పత్తికాయ పగలగొడితే లోపల గులాబీ రంగు పురుగు కనబడింది. ఊళ్ళో మొదట వినబడే మాట, విత్తనం నకిలీదని. డీలరు మాత్రం రైతుకు యాజమాన్యం తెలియదంటాడు. టీవీ చర్చలో కూర్చున్న పెద్దమనిషి ఇంకో మెట్టు పైకెక్కి, అసలు బీటీ అన్నదే మోసమని తేల్చేస్తాడు. ఆయనకెదురుగా ఉన్నాయన, కొత్త జన్యువుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడం వల్లే ఈ తిప్పలని ఒంటికాలి మీద లేస్తాడు. ఈ నలుగురికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒక్క విషయంలో మాత్రం నలుగురిదీ ఒకే మాట. పురుగును తట్టుకునే గుణం గింజలో ఉంటుంది. ఉంటే పురుగు చావాలి. చావలేదంటే గింజలో ఆ గుణం లేనట్టే.

ఈ లెక్కే తప్పు. తట్టుకునే గుణం ఒక్క గింజ సొత్తు కాదు. అందులో సగం మొక్క జన్యువుల్లో ఉంటే, మిగతా సగం దాన్ని తినే పురుగు జన్యువుల్లో ఉంటుంది. మొక్కలో వీసమెత్తు తేడా రాకపోయినా, పురుగు మారిన రోజున ఆ గుణం పోతుంది. నకిలీ విత్తనాల బెడద లేదని కాదు, అది ఏటా ఎన్ని కుటుంబాలను ముంచుతోందో అందరికీ తెలుసు. కానీ నూటికి నూరుపాళ్ళు అసలైన బీటీ గింజ వేసిన చేలో కూడా కాయల నిండా పురుగులు ఎందుకుంటున్నాయో ఆ ఒక్క మాటతో తేలదు.

2002 మార్చిలో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటి విడత రాష్ట్రాల్లోనే ఉంది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన క్రై1ఏసీ అనే జన్యువు ఆ పత్తిలో ఉంది. అది తయారుచేసే ప్రొటీన్ పురుగు కడుపులోకి వెళ్ళి, పేగు గోడ మీదుండే కాడెరిన్ అనే మరో ప్రొటీన్‌ను పట్టుకోవాలి. పట్టుకుంటేనే పేగుకు తూట్లు పడతాయి. కాడెరిన్ జన్యువు చెడిన పురుగులో విషానికి పట్టు దొరకదు, వచ్చిన దారినే బయటికి పోతుంది. అలాంటి పురుగులు కోట్లలో ఏ కొన్నో ముందునుంచే ఉంటాయి. పురుగు మందుకు అలవాటు పడిందని అంటుంటారు కానీ, ఏ పురుగూ తన బతుకులో మారదు. చచ్చేవి చస్తాయి, చెడిన జన్యువున్నవి మిగులుతాయి, మిగిలినవే గుడ్లు పెడతాయి.

గుజరాత్‌లోని అమ్రేలి జిల్లా పత్తి చేలలో 2008లో సేకరించిన గులాబీ రంగు పురుగులు క్రై1ఏసీని తట్టుకున్నాయి. అప్పటికే, అంటే 2006లోనే, క్రై2ఏబీ అనే రెండో జన్యువును చేర్చిన బీజీ-2 బజారులోకి వచ్చింది. ఇక ఢోకా లేదన్నారు. 2014-15 నాటికి ఆ రెంటినీ కలిపి తట్టుకునే పురుగులు గుజరాత్‌లో కనబడ్డాయి. తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర. భారతదేశపు పురుగుల్లో కాడెరిన్ జన్యువును పరిశీలించినవారికి తేలిందేమిటంటే, అది ఒకే రకంగా కాదు, రకరకాలుగా చెడి ఉంది. అంటే ఎక్కడో పుట్టిన ఒక్క ‘సూపర్ పురుగు’ దేశమంతా పాకిందన్న కథ కూడా సరిపోదు. ఇంత పెద్ద దేశంలో పత్తి విస్తీర్ణంలో తొంభై శాతానికి పైగా ఒకే విషం పరిచాక, దాన్ని దాటే దారులు ఒకటికి పది బయటపడ్డాయి.

తట్టుకునే గుణం గింజలోనే ఉంటుందనేవారు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అదే చేను, అదే గింజ, అదే జన్యువు. బీటీ వచ్చింది ప్రధానంగా శనగపచ్చ పురుగు కోసం. ఆ పురుగు ఇన్నేళ్ళ తర్వాత కూడా బీటీ పత్తిలో చాలావరకు అదుపులోనే ఉంది. గులాబీ రంగు పురుగు మాత్రం పదేళ్ళలోపే తప్పించుకుంది. గుణం గింజదే అయితే ఇద్దరు శత్రువుల మీద రెండు ఫలితాలెందుకు?

తేడా పురుగుల తిండిలో ఉంది. శనగపచ్చ పురుగు పేరుకు శనగదే కానీ కంది, టమాటా, మిరప, మొక్కజొన్న దేన్నీ వదలదు. పత్తిలో క్రై ప్రొటీన్ తిని బతికిన అరుదైన రెక్కల పురుగుకు, పక్క కందిచేలో పెరిగి ఆ విషం మొహమే చూడని మామూలు పురుగులు వేలల్లో జతగా దొరుకుతాయి. ఈ నిరోధక జన్యువుల్లో చాలావాటికి ఒక లక్షణముంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవైతేనే పిల్ల బతుకుతుంది. ఒక్కటే చెడితే చస్తుంది. కాబట్టి కందిచేలో పెరిగిన జతగాడి పిల్లలు మళ్ళీ బీటీ ఆకు కొరికితే చావక తప్పదు. గులాబీ రంగు పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. ఊరంతా బీటీ పత్తే అయినచోట, బతికిన పురుగుకు బతికిన పురుగే జత.

ఇది జరుగుతుందని ముందే తెలియదా? తెలుసు. సైన్సు ఓడిపోయిందని చప్పట్లు కొట్టేవారు ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు. 2002 నాటి అనుమతి పత్రంలోనే షరతు ఉంది. బీటీ చేను చుట్టూ అయిదు సాళ్ళో, మొత్తం విస్తీర్ణంలో ఇరవై శాతమో, ఏది ఎక్కువైతే అంత మేర నాన్‌బీటీ పత్తి వేయాలి. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు అప్పట్లో వచ్చిన 120 గ్రాముల చిన్న పొట్లం అందుకే. పురుగును బతకనిచ్చే ఆ సాళ్ళు ఎందుకో రైతుకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. పురుగు పట్టే విత్తనాన్ని డబ్బిచ్చి కొన్న చేలో కోరి వేసుకోమంటే ఎవరు వేస్తారు? చాలా పొట్లాలు గట్టు మీదే పడి ఉన్నాయి. కొన్నింటిలోని గింజ మొలకెత్తేంత నాణ్యమైనది కూడా కాదు. తర్వాత శనగపచ్చ పురుగు కోసమని కంది గింజలను కూడా ఆశ్రయ పంటగా ఒప్పుకున్నారు. కంది ముట్టని గులాబీ రంగు పురుగుకు దాంతో ఏం సంబంధం?

అమెరికాలోని అరిజోనాలో ఇదే పురుగు, ఇదే జన్యువు. అక్కడ బీటీ పత్తి 1996లోనే మొదలైంది, మనకంటే ఆరేళ్ళు ముందు. ప్రయోగశాలలో అక్కడి పురుగుల నుంచి కూడా నిరోధక రకాలను తేలిగ్గానే తయారుచేయగలిగారు. అంటే అవి మనవాటికంటే అమాయకమైనవేమీ కాదు. పొలాల్లో మాత్రం అవి పెరగలేదు, ఎందుకంటే అక్కడి రైతుల్లో అత్యధికులు నాన్‌బీటీ సాళ్ళు వేశారు. 2006 నుంచి ఆ సాళ్ళ బదులు ఇంకో ఎత్తు వేశారు. రేడియేషన్‌తో గొడ్డుపోయేలా చేసిన రెక్కల పురుగులను విమానాల్లోంచి కోట్లలో వదిలారు. వాటిని పెంచేటప్పుడు మేతలో ఎర్ర రంగు కలిపేవారు. చేలో కట్టిన లింగాకర్షక బుట్టలో పడ్డ పురుగును నలిపి చూస్తే ఒంట్లో ఎరుపు కనబడుతుంది, తాము వదిలినదేదో చేలో పుట్టినదేదో తెలిసిపోతుంది. 2018లో అమెరికా వ్యవసాయ శాఖ తమ పత్తి నేలల్లో గులాబీ రంగు పురుగు లేకుండా పోయిందని ప్రకటించింది. అక్కడి గింజకు వేరే మహిమేమీ లేదు. చుట్టూ ఏముందన్నదే తేడా.

మనదేశంలో పరిస్థితిని మరింత చెడగొట్టిన సంగతి ఇంకొకటుంది. అది చర్చల్లో రాదు, కానీ ఒక్క పత్తికాయను విప్పితే కళ్ళముందే ఉంటుంది.

ప్రపంచంలో చాలా దేశాలు సూటి రకాల పత్తి వేస్తాయి. 1970లో సూరత్‌లో విడుదలైన హెచ్-4 నాటి నుంచి మనది హైబ్రిడ్ల దారి. హైబ్రిడ్ గింజను రైతు దాచుకుని మళ్ళీ వేసుకోలేడు కాబట్టి విత్తన వ్యాపారానికి అదే నచ్చింది. బీటీ కూడా హైబ్రిడ్లలోనే వచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకదానిలోనే బీటీ జన్యువుంటే, హైబ్రిడ్ మొక్కకు దాని ప్రతి ఒక్కటే దక్కుతుంది. ఆ మొక్క ఆకులో, మొగ్గలో, కాయ తొక్కలో విషం ఉంటుంది, అవన్నీ మొక్క ఒళ్ళే కదా. కాయలోని గింజలు అలా కాదు, అవి తర్వాతి తరం. మెండెల్ లెక్క ప్రకారం వాటిలో నాలుగింట ఒకదానికి ఆ జన్యువు అందదు. రెండు జన్యువుల బీజీ-2లోనైతే పదహారు గింజల్లో తొమ్మిదింటికి రెండూ, మూడింటికి మొదటిది, మూడింటికి రెండోది దక్కి, ఒక గింజ పూర్తిగా చప్పగా మిగులుతుంది. గులాబీ రంగు పురుగు తినేది సరిగ్గా ఆ గింజలనే. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు కాయలో దూరాక రంధ్రం పూడుకుపోతుంది, పైనుంచి కొట్టే మందు దానికి తగలదు. లోపల గింజ వెంట గింజ తింటూ పోతుంటే కొన్నింటిలో విషం నిండుగా, కొన్నింటిలో సగం, కొన్నింటిలో శూన్యం. ఒక్క ప్రతి మాత్రమే చెడిన పురుగు నిండు విషానికి చచ్చేదల్లా ఇక్కడ బతికే వీలు దొరుకుతుంది. నిరోధకతకు కాయలోనే బడి పెట్టినట్టయింది.

చైనాలోని యాంగ్ట్సీ లోయలో దీనికి తలకిందులైన ఉదంతం నడిచింది. అక్కడ చౌకగా వస్తుందని హైబ్రిడ్ల రెండో తరం గింజ వేయడం మొదలైంది. మన వ్యవసాయ శాఖ వద్దని చెప్పే పనే. రెండో తరంలో నాలుగు మొక్కల్లో ఒకటి మొక్కకు మొక్కే నాన్‌బీటీ. అంటే ఎవరూ పూనుకోకుండానే, చట్టం కర్ర పట్టుకోకుండానే, చేనంతా ఆశ్రయ మొక్కలు పరుచుకున్నాయి. 2010కి ముందు పెరుగుతున్న నిరోధకత ఆ తర్వాత వెనక్కి తగ్గింది. మామూలు పురుగుల సంఖ్య పెరిగేకొద్దీ నిరోధక జన్యువు పలచబడింది. పొదుపు కోసం చేసిన పని పురుగు జన్యువుల లెక్కనే మార్చేసింది.

ఇదంతా జన్యుమార్పిడి విత్తనాల పాపమనీ, మన సంప్రదాయ పద్ధతిలో తీసిన వంగడాలకు ఈ గొడవ లేదనీ ఒక వాదన బలంగా నడుస్తోంది. దానికీ ఆధారం లేదు. గులాబీ రంగు పురుగును బీటీ పుట్టించలేదు. 19వ శతాబ్దం నలభైల్లోనే గుజరాత్‌లోని భరూచ్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళిన నమూనాలను చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇక వంగడాల సంగతికొస్తే, వరి రైతును అడిగితే చాలు.

ఉల్లికోడు ఈగ పిల్ల వరి మొలక మొదట్లో చేరి కొసను తింటూ లాలాజలం వదులుతుంది. దాంతో వెన్ను రావాల్సిన పిలక కాస్తా ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టమైపోతుంది. పురుగు కాపురముండే ఆ ఇల్లు కట్టేది పురుగు కాదు, వరే. పురుగు రసాయనాలు వరి జన్యువుల చేత ఆ పని చేయిస్తాయి. ఈ బెడదకు విరుగుడుగా థాయ్‌లాండ్ మూలానికి చెందిన సియామ్ 29, ఐఆర్ 8లను సంకరం చేసి ఫల్గుణ తీశారు. ఇందులో జన్యుమార్పిడి ఊసే లేదు. 1970ల చివర్లో వచ్చిన ఫల్గుణ కొన్నేళ్ళపాటు బ్రహ్మాండంగా నిలబడింది. దాన్ని విస్తారంగా వేసిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో 1980ల రెండో సగానికల్లా దాన్ని లెక్కచేయని ఉల్లికోడు వచ్చేసింది. శాస్త్రవేత్తలు దానికి నాలుగో బయోటైపు అని పేరుపెట్టారు. సుడిదోమ కథ ఇంతకంటే చిన్నది. 1973లో ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్ 26 వస్తే, రెండు మూడేళ్ళకే దాన్ని పీల్చేసే దోమ తయారైంది. అమెరికాలో నార్త్ డకోటాలో హెచ్.హెచ్. ఫ్లోర్ అవిసె మొక్కనూ దాని తుప్పు తెగులునూ పక్కపక్కనే పెట్టి 1940ల్లోనే చూపించింది ఇదే. మొక్కలో నిరోధకతనిచ్చే ప్రతి జన్యువుకూ తెగులులో సరిజోడు జన్యువొకటి ఉంటుంది. ఒకదాని పేరెత్తకుండా రెండోదాని గురించి మాట్లాడడం కుదరదు.

పురుగుమందులదీ ఇదే దారి. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చినప్పుడు గుంటూరు, ప్రకాశం పత్తి రైతులకు అవి సంజీవనిలా కనబడ్డాయి. 1987-88లో శనగపచ్చ పురుగు వాటిని తట్టుకుని కోస్తాను ఊడ్చేసింది. ఆ ఏడాది అప్పులపాలైన రైతుల చావులు తెలుగు పత్రికల్లో మొదటి పేజీకెక్కాయి.

సాంబ మసూరి సంగతి మాత్రం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో ఈ వ్యవహారం లోగుట్టంతా ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 అన్నానికి ఎంత బాగుంటుందో, బాక్టీరియా ఎండాకు తెగులుకు అంతగా లొంగిపోతుంది. ఈ బాక్టీరియా ఆకులో దూరాక తన ప్రొటీన్‌ను వరి కణంలోకి ఎక్కిస్తుంది. అది నేరుగా వరి జన్యువు ముందున్న మీట దగ్గరికి వెళ్ళి, చక్కెరను కణం బయటికి పంపే జన్యువొకదాన్ని ఆన్ చేస్తుంది. వరి తన చక్కెరను తానే బయటపెడుతుంది, బాక్టీరియా తింటుంది. మరి వరి ఆ జన్యువును ఎప్పుడో వదిలించుకోవచ్చు కదా? కుదరదు. పుప్పొడి సరిగా తయారుకావాలంటే అదే జన్యువు కావాలి. అది పోతే కంకిలో తాలే. కొన్ని వరి రకాల్లో ప్రకృతే మధ్యే మార్గం కనిపెట్టింది. జన్యువు అలాగే ఉంది, బాక్టీరియా ప్రొటీన్ వచ్చి కూర్చునే మీట దగ్గర అక్షరాలు మాత్రం మారాయి. ఎక్స్ఏ13 అని పిలిచేది ఈ మార్పునే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఈ ఎక్స్ఏ13తో పాటు ఎక్స్ఏ5నూ, ఆఫ్రికాలోని మాలి అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్ఏ21నూ సాంబ మసూరిలోకి సంకరం ద్వారా చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిగా విడుదల చేశాయి.

ఇక్కడ కూడా తొందరపడి శుభం కార్డు వేయకూడదు. ఎక్స్ఏ13 అడ్డుపెట్టిన మీటను వదిలేసి, వేరే చక్కెర జన్యువు మీట నొక్కే బాక్టీరియా రకాలు ఉన్నాయి. మూడు జన్యువులనూ ఒకేసారి పేర్చడం వెనక ఉద్దేశమే అది, మూడింటినీ ఒకేసారి దాటగల బాక్టీరియా అరుదు. బీజీ-2లో కూడా రెండు పేర్చారు కదా, అది ఎందుకు విఫలమైందని అడగొచ్చు. మొదటిదాన్ని పురుగు దాటేస్తున్న కాలంలో రెండోది జతచేశారు, పైగా మొదటిది ఒంటరిగా ఉన్న బీజీ-1 గింజ పక్క చేలలో అమ్ముడవుతూనే ఉంది. పురుగు మెట్టు తర్వాత మెట్టు ఎక్కింది. పేర్చినవి ఎన్ని అన్నది ఎంత ముఖ్యమో, ఏ వరుసలో వచ్చాయన్నదీ అంతే ముఖ్యం.

కొత్త జన్యువు వస్తే సరిపోతుందనేవారు ఇదంతా విని కూడా చలించరు. వాళ్ళ చేతిలో ఒక బలమైన మాట ఉంది: పాత గుణం పోయినప్పుడల్లా కొత్తది ఇస్తూ పోవచ్చు కదా. ఇవ్వొచ్చు, ఉన్నన్నాళ్ళు. ఎండాకు తెగులుకు అడవి వరుల్లో వెతికితే ఇంకా దొరకొచ్చు. పత్తి కాయలో దూరే పురుగు మీద పనిచేసే విషాలు మాత్రం కుప్పలుగా లేవు. ఒక్కొక్కదాన్ని బయటికి తేవడానికి ఏళ్ళు పడుతుంది, పురుగుకు ఒక్క పంటకాలంలోనే నాలుగైదు తరాలు గడుస్తాయి. ఈ పందెంలో వేగం మనది కాదు.

రైతుదే తప్పనే వాదన ఇంతకంటే చౌకబారుది. ఒక రైతు సాళ్ళన్నీ పద్ధతిగా వేసి, గుడ్డిపూలు ఏరి, లింగాకర్షక బుట్టలు కట్టి, డిసెంబరు దాటగానే పంట తీసేశాడనుకుందాం. పక్కచేనాయన ఇంకో రెండు తీతలకు ఆశపడి మార్చి దాకా నీళ్ళు పెడితే, జిన్నింగ్ మిల్లు ఆవరణలో గింజల గుట్టల్లో పురుగు నిద్రపోతుంటే, మొదటి రైతు జాగ్రత్తంతా రెక్కలొచ్చి ఎగిరే పురుగు ముందు ఏపాటిది? నిరోధకత ఎకరం లెక్కన పుట్టదు, మండలం లెక్కన పుడుతుంది. పంట ఎప్పుడు ముగియాలి, మోళ్ళు ఎప్పుడు పీకాలి, మిల్లుల్లో పురుగును ఎవరు చంపాలి అన్నవి ఊరుమ్మడి నిర్ణయాలు, ప్రభుత్వం తలకెత్తుకోవాల్సినవి. ఇప్పుడు నాన్‌బీటీ గింజను బీటీ గింజతో కలిపి ఒకే ప్యాకెట్‌లో పెడుతున్నారు. పొట్లం గట్టు మీద పడేసే బాధ తప్పింది. ఆలస్యమే అయినా ఇది పనికొచ్చే పని. కాకపోతే పురుగులో నిరోధక జన్యువు ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో చేసుంటే దాని విలువ వేరు.

ఇంతలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అనుమతి లేని ఇంకో పత్తి విత్తనం చాటుమాటుగా చేతులు మారుతోంది. ఇది గ్లైఫోసేట్ కలుపు మందును తట్టుకుంటుంది. కూలీలు దొరకని రైతుకు అది ఎందుకు కావాలో అర్థం చేసుకోవడం కష్టం కాదు. దాన్ని సమర్థించేవారూ, ప్యాకెట్లు పట్టుకుని కాల్చేసే అధికారులూ మాట్లాడేది మళ్ళీ గింజ గురించే, మందు పడే కలుపు గురించి కాదు. అమెరికాలో జార్జియా పత్తి రైతులు ఇలాంటి గింజే వేసి ఏటా అదే మందు కొట్టారు. 2005 నాటికి అక్కడి పామర్ అమరాంత్ అనే కలుపు చావడం మానేసింది. మన తోటకూర కుదురుకు చెందిన మొక్కే అది. గ్లైఫోసేట్ దెబ్బకొట్టే ఎంజైము జన్యువు మామూలు మొక్కలో ఒక్కటుంటే, ఆ కలుపు మొక్కల్లో కొన్నింట్లో నూట అరవై దాకా ప్రతులున్నాయి. మందు ఎంత పట్టుకున్నా ఇంకా ఎంజైము మిగులుతుంది. అక్కడి రైతులు మనుషులను పెట్టి, గొడ్డలిపారలతో, చేతుల్తో ఆ కలుపు తీయించాల్సి వచ్చింది.